చెయ్యెత్తిన పొలం

ఒకరోజు పొద్దున్న మా వీధి చివర దీపస్తంభానికి ఓ కాగితం వేలాడుతూ కనిపించింది. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కేబుల్ టైతో బిగించారు. రాత్రి కురిసిన వానకి చెమ్మ లోపలికి పోయి కింది రెండు లైన్లూ అలుక్కుపోయాయి. కుక్కని తిప్పడానికి వచ్చిన పక్కింటి పెద్దాయన మొదట చదివారు. సాయంత్రానికి వీధి వీధంతా చదివేసింది. మా ఇళ్ళ వెనకున్న పొలంలో 240 ఇళ్ళు కడతారట. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, రాసుకోవచ్చట.

రాత్రి తొమ్మిదికల్లా వాట్సాప్ గ్రూపు తయారైంది. పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను, ఇన్నేళ్ళలో మా వీధివాళ్ళు ఒకరితో ఒకరు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఒకరు ట్రాఫిక్ అన్నారు, ఒకరు డాక్టరు అపాయింట్‌మెంట్ ఇప్పటికే దొరకడం లేదన్నారు, ఎదురింటావిడ గబ్బిలాలు అంది. "అది గ్రీన్ బెల్ట్, అందులో ఎవడూ ఏమీ కట్టడానికి లేదు" అని పెద్దాయన తేల్చేశారు. నేనూ రెండు పేజీల అభ్యంతరం రాశాను. రోడ్డు ఇరుకు గురించి, స్కూల్లో సీట్ల గురించి చాలా బాధ్యతగా రాశాను. రాయనిది ఒకటుంది. మా వంటింటి కిటికీలోంచి ఆ పొలం కనిపిస్తుంది. చలికాలం పొద్దున్నపూట మంచులో కుందేళ్ళు గెంతుతుంటాయి. వాటిని చూస్తూ కాఫీ తాగడం నాకు అలవాటైపోయింది. మిగతా కారణాలన్నీ ఆ కిటికీకి వేసిన కర్టెన్లే.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. మా ఇల్లున్నదీ ఒకప్పటి పొలమే. మా వీధికి ఓ పిట్ట పేరు పెట్టారు. ఆ పిట్టని మా వీధిలో ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు. ఇక్కడ బిల్డర్లకి ఇదో సరదా అనుకుంటాను, దేన్నైతే వెళ్ళగొట్టారో దాని పేరే వీధికి పెడతారు.

ఉత్తరం పంపాక కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. నేను చెప్పిందంతా విని, "ఆ సైటు 2021లోనే లోకల్ ప్లాన్‌లో చేరిపోయిందండీ. అక్కడ ఇళ్ళు రావాలా వద్దా అన్న ప్రశ్న అప్పుడే తేలిపోయింది. ఇప్పుడు చూసేది ఎలా కడతారనే" అంది. లోకల్ ప్లాన్ అంటే ఊళ్ళో ఎక్కడ ఏం కట్టొచ్చో కౌన్సిల్ ముందే రాసిపెట్టుకునే పత్రం. ఎప్పుడు మొదలైందని అడిగితే, 2017లో అని చెప్పింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అంటారు. మేం మొరగడానికి ఏడేళ్ళు పట్టింది.

అప్పట్నుంచి ఆ కాగితాలు చదవడం మొదలుపెట్టాను. మొదట కోపంతో చదివాను, తర్వాత పంతంతో, ఇప్పుడు నిజంగానే ఆసక్తితో చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు తట్టిందేమిటంటే, ఇళ్ళు ఎక్కడ కట్టాలో కౌన్సిల్ నిర్ణయిస్తుందన్న మాటలో సగమే నిజం. ఎవరో తెచ్చి ముందు పెట్టిన స్థలాల్లోంచి అది ఏరుకుంటుంది. గొడవంతా ఈ ఏరుకోవడం దగ్గరే ఉంది. మేమేమో దీపస్తంభం దగ్గర నిలబడి దెబ్బలాడుతున్నాం.

కథ పైనుంచి మొదలవుతుంది. ఈ దేశంలో భూమి మీదే అయినా, దానిమీద కట్టే హక్కు మాత్రం మీది కాదు. 1947లో వచ్చిన టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ఆ హక్కుని ప్రభుత్వం చేతిలో పెట్టింది. చిన్నా చితకా పనులు తప్ప ఏది కట్టాలన్నా పర్మిషన్ కావాలి. ఆ పర్మిషన్ ఇచ్చేటప్పుడు, బలమైన వేరే కారణం లేకపోతే లోకల్ ప్లాన్ ప్రకారమే పోవాలని 2004 నాటి ఇంకో చట్టం చెబుతుంది. అందుకే ప్లాన్‌లో ఒకసారి పేరు ఎక్కిందంటే ఆ పొలం సగం ఇల్లు అయిపోయినట్టే.

ఆ ప్లాన్‌లో ఎన్ని ఇళ్ళు చూపించాలన్నది కూడా కౌన్సిల్ ఇష్టం కాదు. లండన్‌లో కూర్చుని ఒక సూత్రం రాశారు. 2024 డిసెంబర్‌లో మార్చాక ఆ సూత్రం ఇలా ఉంది. మీ ప్రాంతంలో ఇప్పుడున్న ఇళ్ళలో 0.8 శాతం తీసుకోండి. తర్వాత అక్కడి ఇళ్ళ ధరలు మనుషుల ఏడాది సంపాదనకి ఎన్ని రెట్లున్నాయో చూడండి. అయిదు రెట్లు దాటితే, దాటినకొద్దీ మొదటి అంకెని పెంచుకుంటూ పోండి. 60,000 ఇళ్ళున్న ఊరు అనుకుందాం. 0.8 శాతం అంటే 480. అక్కడ ఇళ్ళ ధర జీతానికి పది రెట్లుంటే ఆ 480 కాస్తా 936 అవుతుంది. ఏటా అన్ని ఇళ్ళకి చోటు చూపించాలి. ఇలా దేశమంతా లెక్కేస్తే సుమారు 3,70,000 వస్తుంది. అయిదేళ్ళలో 15 లక్షల ఇళ్ళు కడతామన్న మాట నిలబెట్టుకోవడానికే ప్రభుత్వం సూత్రాన్ని ఇలా మార్చింది.

ఈ సూత్రం మీద తిట్లకి లోటు లేదు. నేను మాత్రం తిట్టలేను. ఎవరో ఒకరు ఒక అంకె చెప్పకపోతే ప్రతి ఊరూ "ఇళ్ళు కావాలి, పక్క ఊళ్ళో కట్టండి" అనే అంటుంది. మా గ్రూపులోనూ అక్షరాలా అదే అన్నారు, పక్క ఊరి పేరుతో సహా.

అంకె వచ్చాక కౌన్సిల్ చేసే పని పేరు కాల్ ఫర్ సైట్స్. ఆ పేరు చూస్తే ఏదో వెతుకులాట అనిపిస్తుంది. జరిగేది మాత్రం దండోరా. "మీ దగ్గర ఇళ్ళకి పనికొచ్చే భూమి ఉంటే చెప్పండి" అని వెబ్‌సైట్లో ఒక ఫారం పెడతారు. భూమి ఉన్నవాళ్ళు మ్యాపు మీద ఎర్ర గీత గీసి పంపుతారు. పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చిన ఫొటోల్లోంచి పిల్లని ఎంచుకోవడం లాంటిదన్నమాట. చివరికి ఎంచేది పెళ్ళికొడుకే, కాదనను. కానీ పేరయ్య సంచీలో లేని పిల్ల ఎంత మంచిదైనా ఆ లెక్కలోకి రాదు.

మరి ఆ సంచీలోకి ఫొటో ఎలా వెళ్తుంది? మా వెనక పొలం రైతుని రెండు మూడుసార్లు చూశాను, పలకరింపుగా చెయ్యి ఊపుతాడు. ఆయన స్వయంగా కూర్చుని ఆ ఫారం నింపి ఉండడు. ఇలాంటి రైతుల దగ్గరికి ల్యాండ్ ప్రమోటర్లు, బిల్డర్లు వస్తారు. ఆప్షన్ అని ఒక ఒప్పందం రాసుకుంటారు. ఇప్పుడు కొంత డబ్బు ఇస్తారు. పర్మిషన్ వస్తే ఫలానా లెక్కన కొంటారు, రాకపోతే పొలం రైతుదే. ఇక ఫారం నింపడం, ట్రాఫిక్ నివేదికలు, పక్షుల సర్వేలు, వకీళ్ళు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఏళ్ళ తరబడి ఓపిక పడతారు. పడరా మరి? దక్షిణ ఇంగ్లండ్‌లో మామూలు సాగుభూమి హెక్టారు 20, 25 వేల పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. అదే హెక్టారుకి ఇళ్ళ పర్మిషన్ వస్తే పది లక్షల పౌండ్లు దాటిపోవడం మామూలే. ఒక్క గింజ కూడా అదనంగా పండించక్కర్లేదు. ప్లాన్‌లో ఒక లైను పడితే చాలు.

అలా వచ్చిన సైట్లన్నిటినీ కౌన్సిల్ మూడు ప్రశ్నలతో జల్లెడ పడుతుంది. ఇళ్ళకి తగినదేనా? దొరుకుతుందా? అక్కడ కట్టడం గిట్టుబాటవుతుందా? మా కౌన్సిల్ వేసిన పట్టిక వెబ్‌సైట్లో నాలుగు వందల చిల్లర పేజీల ఫైల్‌గా ఉంది. మా పొలానికి ఓ నంబరిచ్చారు. దాని వరసలో చిన్న చిన్న గళ్ళు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. వరద ముప్పు, ఆకుపచ్చ. అంటే నదివల్ల వరద వచ్చే అవకాశం ఏ ఏడైనా వెయ్యింట ఒకటికన్నా తక్కువని. పాత కట్టడాలు, ఆకుపచ్చ. చెట్లు, పసుపు. బస్టాపు 400 మీటర్లలోపు ఉందా అన్న గడి కూడా ఆకుపచ్చే.

అక్కడ ఆగిపోయాను. ఆ బస్టాపు నాకు బాగా తెలుసు. ఆదివారం బూట్లేసుకుని బయల్దేరాను. పొలం మూల నుంచి గీత గీస్తే 400 మీటర్ల లోపే ఉంటుంది, అబద్ధం లేదు. కాకి అయితే రెండు నిమిషాల్లో చేరుతుంది. మనిషి మాత్రం కంచె పక్కన బురద దారి పట్టుకుని, చెక్క మెట్టు ఎక్కి దిగి, మెయిన్ రోడ్డు దాటాలి. పొలం మధ్య గేటు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి నడిస్తే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. బస్సు గంటకొకటి. ఆఖరి బస్సు సాయంత్రం 6:40కి. ఆదివారం అసలు లేదు. నడిచి వెళ్తున్నాను కాబట్టి బతికిపోయాను. పట్టికలో ఆ గడి పచ్చగానే ఉంది, ఇప్పటికీ.

అదే ఫైల్లో ఇంకో వరస చూశాను. మా ఊరి రైల్వే స్టేషన్ వెనక పాత గోడౌన్లున్నాయి, ఎన్నాళ్ళుగానో తాళాలు వేసి ఉన్నాయి. గోడల మీద పిచ్చి రాతలు, లోపల మొలిచిన చెట్లు పైకప్పులోంచి బయటికి వచ్చేశాయి. స్టేషన్ అయిదు నిమిషాల నడక. సూపర్ మార్కెట్ పక్కనే. దానికి అన్ని గళ్ళూ దాదాపు పచ్చగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. "దొరుకుతుందా" అన్నచోట ఎరుపు. పక్కన ఒక్క ముక్క రాశారు: యజమానుల నుంచి సమాచారం లేదు. అంటే ఎవరూ చెయ్యెత్తలేదు. మా వెనక పొలం చెయ్యెత్తింది, గోడౌన్లు ఎత్తలేదు. తరగతిలో టీచరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసిన వెనక బెంచీ పిల్ల నోరు మెదపదు, ముందు కూర్చున్నవాడు చెయ్యెత్తి ఏదో ఒకటి చెప్పి మార్కులు కొట్టేస్తాడు. మా ఊళ్ళోనూ అదే జరిగింది.

"ముందు వాడి పారేసిన స్థలాల్లో కట్టండి, పొలాల జోలికి రాకండి" అని ప్రతి పార్టీ అంటుంది. ఓట్లకి మంచి మాటే. ఆ స్థలాలకి నలుగురైదుగురు యజమానులుంటారు, ఒకరు పరాయి దేశంలో ఉంటారు, ఒకరు పోయి వారసుల తగువు కోర్టులో ఉంటుంది, నేలలో నూనె ఇంకి ఉంటుంది, దాన్ని శుభ్రం చెయ్యడానికే బోలెడు ఖర్చు. అలాంటి స్థలం తనంతట తాను ఫారం నింపి పంపదు. ఎవరో వెళ్ళి తలుపు తట్టాలి. ఆ తట్టే పని కౌన్సిల్‌ది అని నా వాదన.

పెద్దాయన గ్రీన్ బెల్ట్ అన్నారని చెప్పాను కదా. అది కాదు. పచ్చగా ఉన్నదల్లా గ్రీన్ బెల్ట్ అనుకోవడం ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకీ ఉన్న పొరపాటే. గ్రీన్ బెల్ట్ అంటే మ్యాపు మీద పట్టణాల చుట్టూ గీసిన కంచె. ఇంగ్లండ్ నేలలో 12.5 శాతం చిల్లర దాని కిందికి వస్తుంది. 1955లో డంకన్ శాండ్స్ అనే మంత్రి కౌన్సిళ్ళన్నిటికీ సర్క్యులర్ పంపాక అది దేశమంతా పాకింది. దాని ఉద్దేశాలు అయిదని రాసుకున్నారు: ఊరు అడ్డూ ఆపూ లేకుండా పెరక్కూడదు, రెండు ఊళ్ళు కలిసిపోకూడదు, పల్లెసీమ తరిగిపోకూడదు, పాత ఊళ్ళ పరిసరాలు చెడకూడదు, ఊళ్ళో పాడుబడ్డ చోట్లు మళ్ళీ వాడకంలోకి రావాలి. అందం అన్న మాట ఈ అయిదింట్లోనూ లేదు. అందుకే పాత పెట్రోల్ బంకూ, ముళ్ళకంపల కార్ పార్కూ గ్రీన్ బెల్ట్ అవుతాయి, మా కుందేళ్ళ పొలం అవదు. 2024 డిసెంబర్‌లో ఇలాంటి చోట్ల కోసమే గ్రే బెల్ట్ అనే కొత్త మాటని నియమాల్లో చేర్చారు. నాకది మంచి పనే అనిపించింది. గ్రూపులో ఈ ముక్క అన్నందుకు రెండు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు.

జల్లెడ పట్టాక మిగిలిన సైట్లతో చిత్తుప్రతి వేస్తారు. జనం అభిప్రాయం అడుగుతారు. దాన్ని దిద్ది మళ్ళీ ఒకసారి అడుగుతారు. ఆ తర్వాత కేంద్రం నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి, ప్లాన్ నిలబడుతుందా లేదా అని వారాల తరబడి విచారిస్తారు. ఇదంతా బహిరంగంగానే జరుగుతుంది, నిజం చెప్పాలి. ఎవరూ ఏదీ దాచలేదు. 2018లో మా ఊరి లైబ్రరీలో బోర్డులు పెట్టి రెండు రోజులు ప్రదర్శన నడిపారు. ఆ నెల కౌన్సిల్ పత్రిక మా ఇంటికీ వచ్చే ఉంటుంది. పిజ్జా కరపత్రాలతో కలిపి రీసైక్లింగ్ డబ్బాలో వేసి ఉంటాను.

కొత్త అంకె వచ్చింది కాబట్టి ఇప్పుడు మా కౌన్సిల్ మళ్ళీ ప్లాన్ రాయాలి. ఈసారి మొదటి సమావేశానికే వెళ్ళాను. బుధవారం మధ్యాహ్నం మూడింటికి, కమ్యూనిటీ హాల్లో. పదకొండు మందిమి వచ్చాం. నేను కాక మిగతా పదిమందీ రిటైరైనవాళ్ళే, అందరికీ సొంత ఇళ్ళున్నాయి. టీ బావుంది. ఆ గదిలో లేనివాళ్ళ గురించే నేను ఆలోచిస్తూ కూర్చున్నాను.

మా ఊరి ఆసుపత్రిలో పనిచేసే ఓ తెలుగమ్మాయి ఉంది, నర్సు. ఆరేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారింది. రెండుసార్లు ఓనరు అమ్ముకుంటానన్నాడు, ఒకసారి అద్దె పెంచాడు, ఒకచోట గోడలకి బూజు. "రావచ్చుగా మీటింగుకి" అంటే నవ్వింది. "మూడింటికా అక్కా? నైట్ చేసొచ్చి ఆ టైముకి నిద్రలో ఉంటాను." ఎక్కడ కడితే బావుంటుందని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎక్కడైనా సరే అక్కా, తెల్లారి ఆరింటికి బస్సు దొరికితే చాలు. పొలమా గోడౌనా నాకెందుకు?"

240 ఇళ్ళలో రేపు ఉండబోయేవాళ్ళెవరూ ఇవాళ ఆ పొలం పక్కన ఉండరు. ఎవరో కూడా తెలియదు. కొందరు ఇంకా ఈ ఊరే రాలేదు, కొందరు అమ్మానాన్నల ఇంట్లో చిన్నప్పటి మంచం మీదే పడుకుంటున్నారు. వాళ్ళ తరఫున ఉత్తరం రాసేవాళ్ళు లేరు. పొలం పక్కన ఉన్నవాళ్ళం మాత్రం రెండు వందలకి పైగా ఉత్తరాలు రాశాం. అభిప్రాయ సేకరణ అని పేరు పెట్టి తలలు లెక్కిస్తే తూకం ఎటు ఒరుగుతుందో చెప్పక్కర్లేదు.

అలాగని ఆ ఉత్తరాలన్నిటికీ బరువుంటుందా అంటే అదీ లేదు. కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందన్నా, మా ఇంటి ధర పడిపోతుందన్నా ప్లానింగ్ చట్టం లెక్కలోకి తీసుకోదు. పక్కింటి కిటికీలు మన గదిలోకి చూస్తాయన్నా, వెలుతురు పోతుందన్నా, రోడ్డు నిజంగా తట్టుకోలేదన్నా వింటారు. మా ఉత్తరాల్లో సగం మొదటి రకమే. రెండోదీ రాశాం, కానీ వాటికి జవాబులు బిల్డరు నివేదికల్లో ముందే సిద్ధంగా ఉన్నాయి.

కమిటీ మీటింగు రాత్రి ఏడింటికి. మా తరఫున పెద్దాయన మాట్లాడారు, మూడు నిమిషాలు. చేతిలో కాగితం వణుకుతోంది. రెండున్నర నిమిషాలకి పసుపు దీపం వెలిగింది, ఆయన ఇంకా గబ్బిలాల దగ్గరే ఉన్నారు. తర్వాత కౌన్సిలర్లు ఒక్కొక్కరే "నా మనసుకి కష్టంగానే ఉంది, కానీ" అంటూ చేతులెత్తారు. ఏడుగురు అనుకూలం, నలుగురు వ్యతిరేకం. ఆ "కానీ" వెనక ఏముందో అప్పటికి నాకు తెలిసింది కాబట్టి వాళ్ళ మీద కోపం రాలేదు. ప్లాన్‌లో ఉన్న సైటుని కాదంటే బిల్డరు అప్పీలుకి వెళ్తాడు, గెలుస్తాడు, కౌన్సిల్ అన్యాయంగా అడ్డుపడిందని తేలితే ఖర్చులూ కట్టిస్తాడు. దానికితోడు వచ్చే అయిదేళ్ళకి సరిపడా స్థలాలు చూపించలేని కౌన్సిల్ పరిస్థితి ఇంకా అన్యాయం. అప్పుడు తూకమే బిల్డరు వైపు వంచేస్తారు, ప్లాన్‌లో లేని పొలాలకి కూడా పర్మిషన్లు వచ్చేస్తాయి. ఉన్నది కాపాడుకోవాలంటే ఎక్కడో ఒకచోట ఒప్పుకోక తప్పదు.

దీనికి మందు లేదా అంటే, ఈ దేశమే ఒకప్పుడు వేరే దారిలో నడిచింది. 1946లో న్యూ టౌన్స్ చట్టం చేశారు. ముందు చోటు ఎంచుకున్నారు, రైలు మార్గం చూశారు, నీళ్ళు చూశారు, ఆ తర్వాత భూమి కొన్నారు. ధర కూడా సాగుభూమి ధరకి దగ్గరలోనే. ఆ చట్టం కింద మొదటి ఊరు స్టీవెనేజ్. అక్కడివాళ్ళు ఊరుకున్నారా? మంత్రి లూయిస్ సిల్కిన్ సభకి వస్తే ఆయన కారు టైర్లలో గాలి తీసేశారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మార్చి "సిల్కిన్‌గ్రాడ్" అని పెట్టారు. అంత చక్కటి వెక్కిరింత మా వాట్సాప్ గ్రూపు చస్తే చెయ్యలేదు. ఊరు మాత్రం వచ్చింది. 1967లో అదే పద్ధతిలో మొదలైన మిల్టన్ కీన్స్‌లో ఇవాళ రెండున్నర లక్షల పైచిలుకు జనం ఉన్నారు. పొలం ఊరైనందువల్ల పెరిగిన విలువతో రోడ్లూ పార్కులూ వేసుకోగలిగారు.

ఆ దారి రానురానూ ఇరుకైపోవడానికి ఒక కారణం 1961 నాటి నష్టపరిహార చట్టం. ప్రభుత్వం భూమి తీసుకుంటే, రేపు అక్కడ ఇళ్ళు రావచ్చన్న ఆశకి కూడా ధర కట్టివ్వాలని అది తేల్చింది. హోప్ వాల్యూ అంటారు. ఆశని పౌండ్లలో కొలిచే చట్టం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. 2023లో ఇంకో చట్టం వచ్చి, ప్రజావసరం ఉన్న కొన్ని సందర్భాల్లో ఆ ఆశ ధర ఇవ్వక్కర్లేదని తలుపు కాస్త తెరిచింది. దాన్ని పూర్తిగా తెరిచే ధైర్యం ఎవరికుందో చూడాలి.

రైతుకి అన్యాయం కాదా అని నా భర్తే అడిగాడు. సాగు ధరకి రెండు మూడు రెట్లు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మిగిలిన ముప్ఫై నలభై రెట్లలో ఆయన చెమట ఎంత? ఇంకో ఆక్షేపణ ఉంది, అది గట్టిది. కౌన్సిళ్ళ దగ్గర డబ్బు లేదు, ప్లానింగ్ ఆఫీసర్లు లేరు, స్థలం కొని చేతులు కాల్చుకుంటే ఎవరు పూచీ? దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కొనకపోయినా సరే, కనీసం వెతకమనే నేను అడిగేది. మనిషిని పెట్టి స్టేషన్ చుట్టూ అరమైలు నడిపించి, తాళం వేసిన ప్రతి గేటు వెనకా ఎవరున్నారో కనుక్కోమనడానికి కోట్లు అక్కర్లేదు.

పైగా పెద్ద పొలం ఇచ్చేస్తే ఇళ్ళు వెంటనే వస్తాయన్నదీ భ్రమే. 2018లో ఆలివర్ లెట్విన్ అనే ఎంపీ ఈ విషయం మీదే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. పెద్ద సైట్లలో ఇళ్ళు ఎంత తొందరగా వస్తాయన్నది ముఖ్యంగా మార్కెట్ ఎంత వేగంగా తీసుకోగలదన్న దాని మీద ఆధారపడుతుందని తేల్చారు. ధర పడకుండా ఎన్ని అమ్ముడుపోతాయో అన్నే కడతారు. మా పొలంలో మొదటి ఏడాది వచ్చినవి 35. మిగతా నేలంతా మట్టిగుట్టలు, దాని చుట్టూ నవ్వుతున్న కుటుంబాల ఫొటోలున్న రేకుల కంచె. కుందేళ్ళు వెళ్ళిపోయాయి. నాకు ఎదురుగా ఒక మెట్ల కిటికీ వచ్చింది, అందులో ఎవరో చిన్న పాప బొమ్మలు వరసగా పెట్టుకుంటోంది. పొద్దున్న కాఫీకి ఇప్పుడు అవే.

ఈ మధ్య మా కౌన్సిల్ మళ్ళీ దండోరా వేసింది. నియమాలు చదివితే తెలిసింది, ఎవరైనా ఏ స్థలమైనా సూచించవచ్చట, మనది కాకపోయినా సరే. స్టేషన్ వెనక గోడౌన్ల చుట్టూ ఎర్ర గీత గీశాను, చెయ్యి కాస్త వణికింది, మూల దగ్గర గీత సూపర్ మార్కెట్ పార్కింగులోకి పోయింది. చెరిపి మళ్ళీ గీశాను. యజమాని పేరు అన్న గడి దగ్గర ఆగిపోయాను. ల్యాండ్ రిజిస్ట్రీలో ఒక్కో రికార్డుకి 7 పౌండ్లు. గోడౌన్లు నాలుగు పేర్ల మీద ఉన్నాయి, 28 పౌండ్లు కట్టి తెప్పించాను. రెండు కంపెనీలు, ఒక ట్రస్టు, ఒక మనిషి. నలుగురికీ ఉత్తరాలు రాసి, ఫారం పంపేశాను.

పది రోజులకి కౌన్సిల్ నుంచి జవాబొచ్చింది. సైటు నమోదు చేశారట. యజమానుల సమ్మతి జతపరచలేదు కాబట్టి "దొరుకుతుందా" అన్న గడిలో ప్రస్తుతానికి ఎరుపే పెట్టారట. నాలుగు ఉత్తరాల్లో ఒకటి, ఆ చిరునామాలో అలాంటివారు ఎవరూ లేరన్న స్టిక్కరుతో నిన్న తిరిగొచ్చింది. మిగతా మూడింటి కోసం చూస్తున్నాను.